‘పోయొస్తా’ అనే బటన్

మానవజాతికి దక్కిన స్వేచ్ఛలన్నిటిలోకీ సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛ గొప్పది. మిగతా స్వేచ్ఛల కోసం ఊరేగింపులు తీయాలి, లాఠీ దెబ్బలు తినాలి. దీనికి ‘నాకు సమ్మతమే’ అన్నచోట ఒక్కసారి నొక్కితే చాలు. (పైన ఉన్న నిబంధనలన్నీ చదివానని కూడా దాంతోనే ఒప్పుకున్నట్టు. ఇంతవరకూ ఎవరూ చదవలేదు కాబట్టి ఎవరికీ అభ్యంతరమూ లేదు.)

పుదుచ్చేరిలో సారం అనే పేట దగ్గర ఉండే పంకజానికి ఈ స్వేచ్ఛ పోయిన ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, వచ్చింది. ఆమె కరెంటు ఆఫీసు బిల్లుల సెక్షన్లో పనిచేసి రిటైరైన మనిషి. ఒకనాడు పొద్దున ఆమె కంప్యూటర్ తెర నిండా ఒక ప్రకటన వచ్చింది: ఈ యంత్రం కొత్త వెర్షన్‌కి అర్హత కోల్పోయింది, దయచేసి వేరే యంత్రం కొనుక్కోండి. యంత్రానికి జ్వరం లేదు, దగ్గు లేదు. నిన్నటిదాకా బాగానే పనిచేసింది. ఆఫీసులో తనని సాగనంపిన పద్ధతీ ఇదే కాబట్టి పంకజం పెద్దగా ఆశ్చర్యపోలేదు.

కూతురు నివేదిత ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ పని చేస్తుంది. “కొత్తది ఎందుకమ్మా? ‘పిచ్చుక’ వేసిస్తాను” అంది. పిచ్చుక స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. ఊరికే వస్తుంది. లోపల ఏముందో విప్పి చూడొచ్చు, నచ్చకపోతే మార్చుకోవచ్చు, మార్చినదాన్ని పక్కింటికి పంచొచ్చు. ఇవన్నీ నేరం కాకుండా చేయొచ్చని విని పంకజం భర్త పురుషోత్తమన్ కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

పిచ్చుక అడిగిన మొదటి ప్రశ్న, ఏ భాష కావాలని. వరసలో తెలుగు కనబడింది.

“మన బాస ఉండాది చూడు!” అన్నాడు పురుషోత్తమన్. “నొక్కు నొక్కు.”

“అప్పా, మనకి ఎవరికీ చదవను రాదు కద” అంది నివేదిత.

“బాస మనదే. చదివేది తర్వాత చూసుకుందాం.”

ఈ ఇంట్లో తాతల నాటినుంచీ తెలుగే మాట్లాడతారు. బళ్ళో చదివింది మాత్రం తమిళం. తెలుగక్షరాలు వాళ్ళకి ముగ్గుల్లాగా అందంగా కనిపిస్తాయి, అంతే. ఆయన నొక్కేశాడు. తెరంతా ముగ్గులే. మళ్ళీ తమిళానికి మారుదామంటే మార్చే చోటు పేరు కూడా తెలుగులోనే ఉంది. నివేదిత గుర్తుపట్టి మార్చగలదు, కానీ తండ్రి ఒప్పుకోలేదు. మేడమీద పోర్షన్లో ఉండే గోవిందస్వామిని పిలిచాడు. ఆయన యానాం నుంచి బదిలీ మీద వచ్చిన గుమాస్తా. తెలుగులో పుట్టి, తెలుగులో చదివి, తెలుగులోనే సెలవు చీటీలు రాసినవాడు.

గోవిందస్వామి కళ్ళజోడు సర్దుకుని గట్టిగా చదివాడు. “దస్త్రము. సంచయము. అభిరుచుల అమరిక. నిష్క్రమించు.”

అందరూ మర్యాదగా విన్నారు.

“అంటే ఏందప్పా?” అన్నాడు పురుషోత్తమన్.

“చదవమన్నారు, చదివానండీ” అన్నాడు గోవిందస్వామి. “అర్థం మాత్రం నన్నడక్కండి.”

పంకజం రెండు రోజులు ఆలోచించింది. మార్చుకోవచ్చని వాళ్ళే అంటున్నారు కదా, మార్చేద్దాం అంది. నివేదిత లోపలి పని చూసుకుంది. మాటలు పంకజం పెట్టింది, ఇంట్లో అనుకునే తెలుగులో, ఇంట్లో చదువుకునే తమిళ అక్షరాలతో. ‘నిష్క్రమించు’ తీసేసి ‘పోయొస్తా’ పెట్టింది. పోతున్నానని చెప్పి ఎవరైనా ఇంట్లోంచి పోతారా? ‘కోరిన దస్త్రము కనుగొనబడలేదు’ ఉన్నచోట ‘ఈడ లేదు. యాడ పెట్టినావో గేపకం చేసుకో’ అని వచ్చింది. ‘మీరు దీనిని శాశ్వతంగా తొలగించదలిచారా’ అన్నది ‘తీసేస్తా ఉండా. రేపొచ్చి ఏడిస్తే నాకు తెలీదు’ అయింది.

పురుషోత్తమన్ తల్లి కాళియమ్మ ఆ కంప్యూటర్‌ని ఇన్నేళ్ళూ దుమ్ము తుడవడానికి తప్ప ముట్టుకోలేదు. ఆవిడని కూర్చోబెట్టారు. తెర మీద ‘ఏంది కావాల?’ అని వచ్చింది. కాళియమ్మ కూడబలుక్కుని చదివి, వెనక్కి తిరిగి చూసింది, ఎవరన్నా అడిగారేమోనని.

“ఇదా అడిగేది?” అంది.

“ఇదే అత్తా.”

“కొంజం కాఫీ ఇమ్మను” అంది ఆవిడ తెరతోనే. అని, నోటికి చెంగు అడ్డం పెట్టుకుని, కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. పంకజం అత్తగారిని అలా నవ్వగా చూడటం పెళ్ళయ్యాక అదే మొదలు.

కథ అక్కడ ఆగాల్సింది. కానీ మంచిపని చేస్తే పైకి తెలియజేయాలన్నది ఆఫీసు అలవాటు. పంకజం ఆ మాటలన్నిటినీ పిచ్చుక తెర-తెలుగు సమన్వయ సమితికి పంపింది. (ఈ సమితిలో ముగ్గురు సభ్యులు. ఒకరు సమన్వయకర్త. ఒకరు చాలాకాలంగా కనిపించడంలేదు. మూడోది కామాలు సరిచూసే ప్రోగ్రాము. ఎవరికీ జీతం లేదు. జీతం ఉంటే కోత పెడతామని బెదిరించొచ్చు. ఊరికే పనిచేసేవాణ్ణి భగవంతుడు కూడా ఏమీ చేయలేడు.)

జవాబు వెంటనే వచ్చింది. గోవిందస్వామి చదివిపెట్టాడు. “మీరు పంపినది తెలుగు కానందున పరిశీలనార్హము కాదు. లిపిని బట్టి తమిళ సమితిని సంప్రదించగలరు.”

పంకజం తమిళ సమితికి పంపింది. ఇది తెలుగు, తెలుగు సమితిని సంప్రదించండి అని వాళ్ళు రాశారు. రెండు జవాబులూ కలిపి మళ్ళీ తెలుగు సమితికి పంపితే, అసలు ఇలాంటి భాష ఒకటి ఉన్నట్టు రుజువు కావాలన్నారు. ఆ భాషలో అచ్చయిన పుస్తకంగానీ, ఆ భాష మాట్లాడని నిపుణుడి ధ్రువీకరణగానీ జతపరచాలి.

“మాట్లాడనివాడికి యాడ తెలుస్తాది?” అంది పంకజం.

“నిష్పక్షపాతంగా ఉండాలి కదండీ” అన్నాడు గోవిందస్వామి.

పంకజానికి ఆ పూట అన్నం సయించలేదు. బిల్లు తప్పని అరిచినవాళ్ళని చూసింది, మీటరు తప్పని కొట్టవచ్చినవాళ్ళని చూసింది. నువ్వు మాట్లాడేది లేనేలేదు అన్నవాణ్ణి ఇన్నేళ్ళ సర్వీసులో ఎప్పుడూ చూడలేదు. మర్నాడు కాళియమ్మ చేపలమ్మితో గొడవ పడుతుంటే ఆ తిట్లన్నీ ఫోన్లో రికార్డు చేసి, రుజువుగా పంపేసింది.

సమితి విన్నది. తీర్మానం ఇలా వచ్చింది: “ధ్వని స్పష్టముగా ఉన్నది. ప్రతి మాటా అర్థమైనది. అయితే అర్థమగుట ప్రామాణికతకు నిదర్శనము కాజాలదు.”

చివరికి వీడియో సమావేశం పెట్టారు. పంకజం పట్టుచీర కట్టుకుంది. పక్కన గోవిందస్వామి, వెనక పురుషోత్తమన్, తలుపు దగ్గర కాళియమ్మ. తెర మీద సమన్వయకర్త. తెలుగు తెరల స్వచ్ఛత గురించి ఆయన ధారాళంగా మాట్లాడుతున్నాడు. ఇంతలో ఆయన ముఖం పాలిపోయింది.

“ఓరి దేవుడా! ఫైలు ఎగిరిపోయింది!”

“ఏం పోయిందండయ్యా?” అంది పంకజం.

“ఫైలండీ! మీటింగ్ నోట్సంతా అందులోనే...” అని ఆయన ఆగిపోయాడు.

కామాల ప్రోగ్రాము కూడా ఏమీ అనలేదు.

“దస్త్రము” అన్నాడు సమన్వయకర్త, కాస్త తగ్గి.

“యాడ పెట్టినావో గేపకం చేసుకో నాయనా” అంది కాళియమ్మ తలుపు దగ్గర్నుంచి, నిజంగా జాలితో. “చెత్త బుట్టలో చూసినావా?”

ఆయన చూశాడు. అక్కడే ఉంది. ఇంత వివరంగా దారి చెప్పిన సందేశం పిచ్చుక చరిత్రలో అదే మొదటిదని నివేదిత తర్వాత అంది.

వారం తిరక్కుండా ఆమోదం వచ్చింది. ‘పుదుచ్చేరి ఇంటి తెలుగు’ అనే పేరుతో పిచ్చుక కొత్త వెర్షన్లో చేరుతుంది. పురుషోత్తమన్ వీధంతా మైసూర్‌పాక్ పంచాడు. వైతికుప్పం నుంచి పంకజం చిన్నాయన కూతురు రాసాత్తి తన పాత లాప్‌టాప్ ఆటోలో వేసుకొచ్చి, “నాకూ మన బాస ఎక్కించి ఇయ్యక్కా” అని కూర్చుంది.

కొత్త వెర్షన్ వచ్చిన రోజు అందరూ తెర చుట్టూ చేరారు. నివేదిత భాషల వరస తెరిచింది. తెలుగు దగ్గర లేదు. తమిళం దగ్గరా లేదు. కిందికి, ఇంకా కిందికి పోయింది. ఆఖర్న వేరే శీర్షిక ఒకటి ఉంది.

“ఏమని రాసుండాది?” అంది పంకజం.

“సరదా భాషలు” అని చదివాడు గోవిందస్వామి. ఈసారి అర్థం ఎవరూ అడగలేదు.

దాని కింద మూడు పేర్లున్నాయి. సముద్రపు దొంగల ఇంగ్లీషు. పుదుచ్చేరి ఇంటి తెలుగు. పిల్లుల భాష.

“మన బాస ఎక్కినాదా?” అంది కాళియమ్మ.

పంకజం తెర వైపే చూస్తూ, “ఎక్కినాది అత్తా” అంది.

ఆ సాయంత్రమే కూర్చుని, ఆఫీసులో నేర్చుకున్న ఇంగ్లీషంతా పెట్టి, తమ భాషని ఆ వరసలోంచి మార్చమని అర్జీ రాసింది. సమితి దాన్ని నిబంధన ప్రకారం ఇరుగుపొరుగు భాషల అభిప్రాయానికి పంపింది. పిల్లుల భాష నుంచి జవాబు లేదు. సముద్రపు దొంగల ఇంగ్లీషు సమన్వయకర్త మాత్రం అర్జీని గట్టిగా బలపరిచాడు: తమకు నిఘంటువు ఉందనీ, అది లేని భాషల పక్కన కూర్చోవడం తమ స్థాయికి తగదనీ, వాళ్ళని వీలైనంత తొందరగా ఇంకెక్కడికైనా పంపించమనీ.