బీరువా వెనక పెట్టె

ఆ రోజు పొద్దున ఆ ఇంట్లో వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చోవాలి, బడి నడిపే పెద్దమ్మగారు వీడియోలో మాట్లాడాలి, అంతే. ఇంటినుంచే పాఠాలు చెప్పే ఉద్యోగం. నెట్ నిలకడగా ఉందో లేదో ఆవిడే స్వయంగా చూస్తుంది. లేకపోతే దూరపు ఊళ్లో హాస్టల్లో ఉండి చెప్పే ఉద్యోగమే గతి. అప్పుడు గడియారాలు బాగుచేసుకునే తండ్రి ఇంట్లో ఒక్కడే మిగులుతాడు.

చిక్కంతా వైఫై పెట్టెతోనే. దాని లైట్లు కంట్లో పడి నిద్ర పట్టడం లేదని తల్లి దాన్ని తన ఇనప బీరువా వెనక నేలమీద పెట్టింది. ఆమె పోయి ఏడాది కావస్తోంది. బీరువాను గానీ పెట్టెను గానీ అంగుళం జరిపినవాళ్లు లేరు. తండ్రి జరపనివ్వడని కూతురి నమ్మకం. జరిపితే కూతురు తట్టుకోలేదని తండ్రి భయం. కాబట్టి ఇద్దరూ కలిసి మిగతా ఇల్లంతా జరిపారు.

కంప్యూటర్ బల్ల వరండాలోకి వెళ్లింది, వంటింట్లోకి వచ్చింది. తెరమీద బొమ్మ కదిలితే మాట ఆగింది, మాట వినిపిస్తే బొమ్మ బిగుసుకుంది. ఇక లాభం లేదని మేనమామను పిలిచారు. సొంతింట్లో నెట్ సరిగ్గా వస్తుంది కాబట్టి ఆయన నిపుణుడు.

"పెట్టె ఎక్కడుంది బావా?"

"మీ అక్క బీరువా వెనక. అది తప్ప ఇంకేదైనా చెప్పు."

మేనమామ బీరువా వైపు చూశాడు. అది తన అక్క బీరువా. ఆయనా చూపు తిప్పుకుని, హాల్లో చేపల తొట్టిని పట్టుకున్నాడు. "ఇదీ అసలు దొంగ. నీళ్లు సిగ్నల్‌ని మింగేస్తాయి."

మాట నిజమే, తొట్టి ఖాళీ చేసిన తీరే తప్పు. చేపల్ని బకెట్లోకి మార్చి ఆయన తొట్టిని ఓ పక్కకు వంచాడు. వంచాక గానీ అది ఎంత బరువో తెలియలేదు. నీళ్లన్నీ తిన్నగా పడకగదిలోకి, బీరువా కిందికి పారాయి.

"నాన్నా, పెట్టె తడిసిపోతుంది" అంది అమ్మాయి.

తండ్రి ఒక్క క్షణం నిలబడ్డాడు. తర్వాత తనే భుజం ఆనించి బీరువాను తోశాడు. వెనక గోడకు పాత రంగు అలాగే ఉంది. పెట్టె పక్కన ఎప్పుడో జారిపడిన దువ్వెన, దానికో వెంట్రుక. ఆయన దువ్వెన తీసుకుని తడి నేలమీదే కూలబడ్డాడు.

"నువ్వు తట్టుకోలేవనే తల్లీ, ఇన్నాళ్లూ కదపలేదు."

"నేనూ నీకోసమే అడగలేదు నాన్నా."

మేనమామ పెట్టెను తుడిచి బీరువా నెత్తిన పెట్టాడు. అమ్మాయి కంప్యూటర్‌ను అక్కడే మంచంమీద తెరిచింది. సరిగ్గా అప్పుడే పెద్దమ్మగారి వీడియో పిలుపు మోగింది. ఆమె గబగబా కళ్లు తుడుచుకుంది. ఈపాటికి ఉద్యోగం నీళ్లలో కలిసిపోయిందనే అనుకుంది.

పెద్దమ్మగారు తెరకు దగ్గరగా వంగింది. "నీ వెనక కింద కూర్చున్నది ఎవరమ్మా?"

"మా నాన్నగారండీ."

"ఏడుస్తున్నారా?"

"అవునండీ."

ఆవిడ వెనక్కి వాలింది. తర్వాత నెమ్మదిగా అంది. "రేపటినుంచి పాఠాలు మొదలుపెట్టు. కన్నీళ్లు కూడా కనిపిస్తున్నాయంటే సిగ్నల్ బాగున్నట్టే."