టిఫిను వేళ అభ్యంతరాలు

ఆ ఊళ్లో రేడియోవాళ్లు పొద్దున టిఫిన్ల వేళకు వినిపించే కార్యక్రమం మీద శ్రోత ఇచ్చిన ఫిర్యాదు నెగ్గితే, వార్తతో పాటు జరిగిన సంగతి కూడా రద్దవుతుంది. ఇందులో వింతేమీ లేదు, స్టేషన్ పెట్టిన నాటి నుంచీ ఉన్న పద్ధతే. పెసరట్టు తింటుండగా బస్సు బోల్తా కబురు చెప్పారని ఒకావిడ అభ్యంతరపెడితే, ఆ బస్సు లేచి నిలబడి ప్రయాణికులతో సహా పార్వతీపురం చేరింది. ఆలస్యానికి డ్రైవరు సంజాయిషీ ఇచ్చుకున్నాడు. వంటల శీర్షికలో కాకరకాయ మరీ ఎక్కువైందని ఎవరో రాస్తే, ఆ ఏడు కాకర పాదులు కాపుకు రాలేదు.

ఫిర్యాదు చెల్లడానికి షరతు ఒక్కటే. ఆ మాట చెవిన పడి, చేతిలో ముద్ద ఆగిపోయి ఉండాలి.

నూకాలు భర్త గురవయ్య మున్సిపాలిటీ పనివాడు. పెద్ద బజారు మురుగు కాలువలో పూడిక తీయడానికి మూత తెరిచి దిగి, ఊపిరాడక చనిపోయాడు. మర్నాడు పొద్దున రేడియోలో ఆ కబురు చదివారు. నూకాలు ఆస్పత్రి నుంచి నేరుగా స్టేషనుకు పరిగెత్తింది. ఫిర్యాదుల అధికారి తారకేశ్వరరావు గారు ఆమెకు కుర్చీ వేయించారు.

“మీరు సదివిందాని మీద నాను పిర్యాదు సెప్తాను బాబూ. రద్దు సేసీండి. మా ఆయన ఇంటికొచ్చెత్తాడు.”

“వార్త విన్నారా అమ్మా?”

“ఇనడానికి నానేటి ఇంటికాడున్నానా? శవం కాడున్నాను.”

“టిఫిను చేశారా?”

ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. బాధ వేరు, అసౌకర్యం వేరు అనీ, తమ సంస్థ అసౌకర్యాన్ని మాత్రమే విచారిస్తుందనీ నెమ్మదిగా వివరించారు. అయితే అదే వార్త మీద రిటైర్డ్ ఇంజనీరు పద్మనాభం గారు ఫిర్యాదు చేశారని, అది నెగ్గేలా ఉందని కూడా చెప్పారు. నూకాలుకు ప్రాణం లేచివచ్చినట్టయింది.

పద్మనాభం గారు మర్యాదస్తులు. వెతుక్కుంటూ ఇంటికి వచ్చిన నూకాలును వరండాలో కూర్చోబెట్టి మంచినీళ్లు ఇప్పించారు.

“మనిషి పోవడం మీద నాకే అభ్యంతరమూ లేదమ్మా,” అన్నారు. “ఉప్మా నోట్లో పెట్టుకుంటుంటే మురుగు కాలువ అన్నాడు. వెంటనే రేడియో కట్టేశాను. ఆ తర్వాత ఏం చదివాడో నాకు తెలీదు.”

“తెలిసినట్టే రాసీండి బాబూ. మీ కాళ్లట్టుకుంతాను.”

“విననిది విన్నానని ఎలా రాస్తాను? అబద్ధం కాదూ?”

తప్పు ఆయనది కాదు. వార్త రాసేటప్పుడు ముందు చోటు, తర్వాత మనిషి రావాలని ఆ స్టేషన్లో నియమం. మనిషి పేరు ముందు చదివి ఉంటే గురవయ్య ఈపాటికి ఇంట్లో కూర్చుని గంజి తాగుతుండేవాడు. తలుచుకుంటే ఒళ్లు మండుతుంది గానీ, నియమం నియమమే.

ఫిర్యాదు పూర్తిగా నెగ్గింది. ఆ రోజు నుంచి ఊళ్లో మురుగు కాలువ లేదు. పెద్ద బజారులో నల్లటి నీళ్లు మోకాలి దాకా నిలిచాయి. జనం పంచెలూ చీరలూ ఎత్తిపట్టుకుని నడుస్తున్నారు, ఎందుకని మాత్రం ఎవరూ అడగరు. లేని కాలువలో ఊపిరాడకపోవడం కుదరదు కనుక, గురవయ్య చావుకు కారణమేమీ లేదని ఆస్పత్రివాళ్లు తేల్చారు. మనిషి మాత్రం తిరిగి రాలేదు. అతను పోవడం మీద ఎవరూ అభ్యంతరం చెప్పలేదు కదా.

దినాలు అయిన మర్నాడు మున్సిపాలిటీ మేస్త్రీ నూకాలు ఇంటికి వచ్చాడు. గురవయ్య ఉద్యోగం అతని తమ్ముడు కనకయ్యకు ఇస్తున్నారని చెప్పాడు.

“పనేటి?” అంది నూకాలు.

“అన్న సేసిందే. దిగాల.”

“కాలవే నేదంతన్నారు కదా. దేన్లోకి దిగుతాడు?”

మేస్త్రీ తల గోక్కున్నాడు. “దేన్లోకీ నేదమ్మా. ఉత్తినే దిగాల.”

కనకయ్య లుంగీ ఎగ్గట్టి, పలుగు భుజాన వేసుకున్నాడు. నూకాలు గుమ్మం దాకా వచ్చింది. వెళ్లొద్దని అనలేదు.

“దార్లో రేడియో టేసన్ కాడ ఆగి ఎల్లు,” అంది. “నీ పేరు ముందు సదవమని సెప్పు.”

“అలాగే వదినా,” అన్నాడు కనకయ్య.