సమ్సోను కడుపులో సాతాను

ఒక పెద్ద అడవిలో జంతువులన్నీ మారుమనస్సు పొందాయి. పులి మాత్రం పొందలేదు. దానికి ఆదివారాలు తీరిక లేదట.

సంఘానికి కాపరి కొంగయ్యగారు. తెల్లంగీ పుట్టుకతోనే ఉంది కాబట్టి ఆయన్ని ఎన్నుకోవడం సులువైంది. సంఘ పెద్ద ఎలుగుబంటి సమ్సోను. వానాకాలంలో తిండి దొరకని విధవరాండ్రకు పెట్టడానికి అందరూ తలా ఇంత ఎండిన ఇప్పపువ్వు తెచ్చి, గుడి వెనక గుహలో పెద్ద గంప నింపారు. కాపలా సమ్సోనుకి అప్పగించారు. ఎలుగుబంటికి ఇప్పపువ్వు అప్పగించడమేమిటని మీరడగవచ్చు. విశ్వాసమంటే అదేనన్నారు కొంగయ్యగారు.

ముసురు పట్టిన మధ్యాహ్నం సమ్సోను ఒక్క గుప్పెడు రుచి చూశాడు. కాసేపటికి గంప అడుగు చూశాడు.

అప్పుడు ఏడుపొచ్చింది. ఆ గంప మీదే ఆశ పెట్టుకున్న కుందేలు ఎస్తేరమ్మ గుర్తొచ్చింది. ఆమె మొగుణ్ణి గద్ద ఎత్తుకుపోయింది. బొరియ నిండా పిల్లలు. సమ్సోనుకి నిజంగానే సిగ్గేసింది. అందరి ముందూ ఒప్పేసుకుందామని ఆదివారం గుడికెళ్ళాడు.

"సంఘానికి వందనాలు. గంపలో ఇప్పపువ్వు... అది... నేను..." అని మొదలెట్టాడు.

కొంగయ్యగారు కంగారుపడ్డారు. సంఘ పెద్దే దొంగైతే, ఆ పెద్దను నిలబెట్టిన కాపరి పరువేం కాను?

"శోధన!" అని అరిచారు. "సాతాను మన బ్రదర్‌లో దూరి తినేశాడు! అంతేనా బ్రదర్?"

సమ్సోను అటూ ఇటూ చూశాడు. ఇంత మెత్తటి పరుపు పరిచాక పడుకోకుండా ఉండటం ఎవరి తరం?

"అంతే అయ్యగారూ."

హల్లెలూయాలతో గుడి దద్దరిల్లింది. సాతానుతో కలబడిన వీరుడని సమ్సోను మెళ్ళో దండ వేశారు. పక్క అడవిలో సాక్ష్యం చెప్పడానికి పిలుపు కూడా వచ్చింది.

అది చూసి కోతి తిమోతి ఊరుకుంటాడా? ఉడత దాచుకున్న కాయల్ని సాతానే తన చేత కాజేయించాడని సాక్ష్యమిచ్చాడు. అతనికీ దండ పడింది. ఇక ఆ అడవిలో సాతాను చేయని పని లేదు.

వెనక బల్ల మీద పాము నిట్టూర్చింది. "మా ముత్తాత ఒక్క పండు తినమన్నందుకు ఇప్పటికీ మాటలు పడుతున్నాం. వీళ్ళకేమో దండలా!"

ఎస్తేరమ్మ లేచింది. "మరి నా పిల్లలకేం పెట్టను అయ్యగారూ?"

"ప్రార్థన చేద్దాం సిస్టర్."

"చేస్తూనే ఉన్నానండి. ఒక్క సందేహం. తిన్నది సాతానే గానీ, కడుపు సమ్సోనన్నయ్యది గదా. వాడింకా అందులోనే ఉన్నాడేమో? పస్తు పెడితే వాడే పోతాడు."

"ఆమెన్!" అంది సంఘమంతా. కొంగయ్యగారికి కాదనడానికి వాక్యం దొరకలేదు.

సమ్సోనుని గుహలో పెట్టి రాయి అడ్డం దొర్లించారు. బయట పాటలు, డప్పులు. మొదట్లో సమ్సోను కూడా సాతానుని తిట్టుకున్నాడు. ఆకలి ముదిరేకొద్దీ ఆ తిట్లు ఎవరికి తగలాలో తెలిసొచ్చింది. ఎస్తేరమ్మ పిల్లల కడుపులో కూడా ఇలాగే మండుతుంటుందని తెలిసి, ఇంకా బాధేసింది.

"అయ్యగారూ! తిన్నది నేనే! సాతాను ఆ దరిదాపుల్లో లేడు! చెయ్యి నాది, నోరు నాది!"

డప్పులు ఆగాయి.

"విన్నారా?" అన్నారు కొంగయ్యగారు. "వాడే మాట్లాడుతున్నాడు! అబద్ధాలకోరు! తన పాపం మన బ్రదర్ నెత్తిన రుద్దుతున్నాడు! పస్తు పొడిగించండి!"

తర్వాత అందరూ ప్రేమవిందుకు వెళ్ళిపోయారు. ఎస్తేరమ్మ ఒక్కతే రాయి దగ్గరికి వచ్చింది.

"నేను నమ్మానులే అన్నా."

"ప్రభువు నన్ను క్షమిస్తాడంటావా ఎస్తేరమ్మా?"

"క్షమిస్తాడు, ఆయన మనసు పెద్దది. నా పిల్లల కడుపులు చిన్నవి, వాటికి క్షమించడం తెలీదు. దుంపలు తవ్వడం వచ్చా నీకు?"

సమ్సోను ఒక్క తోపు తోశాడు. రాయి దొర్లిపోయింది. అంత బలం పెట్టుకుని ఇన్నాళ్ళూ లోపల ఎందుకు కూర్చున్నాడో అతనికే అర్థం కాలేదు.

వానలో తడుస్తూ దుంపలు తవ్వాడు. గోళ్ళు అరిగిపోయాయి. ముందు ఎస్తేరమ్మ బొరియ దగ్గర కుప్ప పోశాడు, తర్వాత గుడి గంప నింపడం మొదలెట్టాడు. సాతాను వదిలిపోయాడని సంఘం దండలు వేస్తామంటే చేతులు ఖాళీ లేవన్నాడు. చెట్టు మీంచి చూసి చూసి తిమోతి తల గోక్కున్నాడు. ఓ పొద్దున ఎవరూ అడక్కుండానే కాయలు పట్టుకెళ్ళి ఉడతకిచ్చి, "నేనే తీశాను" అనేశాడు.

కొంగయ్యగారికి గుండె గుభేలుమంది. అసలే చెరువులో చేపలు తనవైపు అదోలా చూస్తున్నాయి. వెంటనే సంఘాన్ని సమావేశపరిచి హెచ్చరిక చేశారు. అదే ఈ కథకు నీతి:

ఎవడైనా "తప్పు నాదే" అంటే వెంటనే నోరు నొక్కండి. వదిలేస్తే గంప నిండిపోయే ప్రమాదముంది.