కొండ లేని దేశంలో పొదల పరిశీలన

తీరప్రాంతపు కొండల మీది పొదల్ని ఎలా కాపాడుకోవాలో స్వయంగా పరిశీలించేందుకు అటవీ మంత్రి జలంధర్‌గారు ఖతర్‌లో నాలుగు రోజులు పర్యటిస్తారని ప్రకటన వెలువడింది. ఇలాంటి పొదల్ని ఇంగ్లీషులో చాపరాల్ అంటారని కూడా అందులో ఉంది. ఖతర్‌లో కొండల్లేవని మాత్రం లేదు.

మంత్రిగారికి కొండ చూపించే భారం పార్టీ గల్ఫ్ విభాగం సమన్వయకర్త నాగూర్ మీద పడింది. నాగూర్ దోహాలోని అల్ ముంతజాలో ఒక ఖతరీ ఇంట్లో డ్రైవరు. కారున్నవాడు కదా అని పార్టీ వాళ్ళు పదవి ఇచ్చారు. కారు ఎవరిదని వాళ్ళు అడగలేదు, తను చెప్పలేదు.

అతనికీ మంత్రిగారితో ఒక పని ఉంది. ఊళ్ళో అతని ఇంటి వెనకే, సముద్రం పక్కన, కొండ. దాన్ని గ్రావెల్ కోసం తవ్వుతామని కాంట్రాక్టరు తిరుగుతున్నాడు. తవ్వితే ఇల్లు దక్కదు. ఆపమని అర్జీ రాసి, ఇస్త్రీ చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

శుక్రవారం పొద్దున్నే ఉత్తరానికి బయల్దేరారు. గంట గడిచింది.

"కొండ ఏదయ్యా?"

"ఇంకాస్త ముందుకెళ్దాం సార్."

అల్ రువైస్‌లో సముద్రం వచ్చేసింది. ఇక ముందుకు వెళ్ళడానికి దేశం లేదు. అదృష్టం బాగుండి ఎవరో పునాదులు తవ్విపోసిన మట్టిదిబ్బ కనిపించింది. రెండు నిలువుల ఎత్తు. దాని మీద ఒక్క పొద.

మంత్రిగారు ఎక్కారు. వాచ్‌మన్ పరుగున వచ్చి, "మమ్నూ! యల్లా, యల్లా!" అని అరబ్బీలో అరుస్తూ, దిగమని ఈల వేశాడు.

"చూశావా నాగూర్, ఒక్క పొదకి ఎంత కాపలా!" అని మంత్రిగారు కళ్ళు తుడుచుకున్నారు. నాగూర్ కూడా తుడుచుకున్నాడు, సమన్వయకర్త కాబట్టి.

అదను చూసి అర్జీ అందించాడు. "మా కొండ మీద బలుసు, పరికి పొదలు సార్. ఎండాకాలం నిప్పంటుకుని కాలిపోయినా వేళ్ళలోంచి మళ్ళీ చిగురేస్తాయి. ఆ వేళ్ళే మట్టిని పట్టుకుని ఉంటాయి. అవి పీకేస్తే కొండ మా నెత్తిన పడుద్ది."

"మరి ఇక్కడ కొండచరియలు విరిగిపడవా?"

"ఇక్కడ కొండే లేదు కదా సార్!"

మంత్రిగారు ఆగిపోయారు. పెన్ను తీశారు. "మళ్ళీ చెప్పు."

నాగూర్ మళ్ళీ చెప్పాడు, ఈసారి నిదానంగా. తన మాట మంత్రిగారు రాసుకున్నారు! ఆ వారమంతా అల్ మన్సూరా పేటలో తెలిసిన ప్రతి డ్రైవరుకీ ఆ సంగతి వినిపించాడు. మొత్తం వినేదాకా ఛాయ్ కూడా తనే ఇప్పించాడు.

వానాకాలంలో ఊళ్ళో ఇంటి ముందు నిలబడి భార్య రమీజా వీడియో కాల్ చేసింది. ఆమె వెనక ఆకాశం మరీ ఎక్కువగా కనబడుతోంది.

"నాలుగు పొక్లెయిన్లు వచ్చాయండీ. పొదలన్నీ పీకేశారు. సగం కొండ పోయింది. నిన్నటి వానకి మిగతాది వంటింట్లోకొచ్చింది. నేనూ పిల్లలూ స్కూల్లో తలదాచుకుంటున్నాం."

నాగూర్ ఫోను మొహం దగ్గరికి లాక్కున్నాడు. "అర్జీ ఇచ్చాను కదే! మంత్రిగారు రాసుకున్నారు కూడా!"

"రాసుకున్నదే బోర్డు పెట్టారు, చూడండి." ఫోను తిప్పింది.

'కొండచరియల భయం లేని గ్రామం. ఖతర్ నమూనా. సలహా: నాగూర్, పర్యావరణ నిపుణుడు, దోహా.'

నాగూర్ బోర్డు రెండుసార్లు చదివాడు. పిల్లలు తిన్నారా అని అడగాలనుకున్నాడు, నిజంగానే అనుకున్నాడు.

"పేరు ముందు శ్రీ పెట్టలేదేం?" అన్నాడు.