అవినాష్ ఐదింటిదాకా మాట్లాడడు

ఉమాశ్రీకి ఈ లోకంలో అన్నిటికంటే ఎక్కువ భయం తన భర్త అభిప్రాయాలంటే. బల్లికి భయపడదు, ఉరుముకి భయపడదు. పిల్లాడికి జ్వరమొస్తే భయపడుతుంది కానీ దానికి మందుంది. అవినాష్ అభిప్రాయాలకి మందు లేదు. పెళ్ళయిన మూడేళ్ళలో అవి రెండు ఉద్యోగాలు తినేశాయి.

మొదటి ఉద్యోగంలో మేనేజరుగారు ముచ్చటపడి కొన్న సాఫ్ట్‌వేర్ చూసి, "మౌసుతో డబ్బాలు అటూ ఇటూ జరపడం ప్రోగ్రామింగ్ కాదండీ, సామాను సర్దడం," అన్నాడు. నెల తిరక్కుండా తన సామాను సర్దుకున్నాడు. రెండో ఉద్యోగంలో ప్రోగ్రాం కొనడానికి వచ్చిన రైసుమిల్లు యజమానితోనే, "మీ పనికి కంప్యూటర్ దేనికండీ, నోటుపుస్తకం చాలు," అని చెప్పాడు. ఆ యజమాని దణ్ణం పెట్టి సంతోషంగా వెళ్ళిపోయాడు. మర్నాడు అవినాష్ కూడా వెళ్ళిపోయాడు, అంత సంతోషంగా కాదు.

ఇప్పుడున్నది మూడోది. మాదాపూర్లో కొత్తగా లేచిన గుండ్రటి మేడకి అల్లంత దూరంలో, బండరాళ్ళ మధ్య అద్దెకు తీసుకున్న రెండంతస్తుల ఇల్లే కంపెనీ. యజమాని పట్టాభిరామయ్యగారు ప్రభుత్వ ఉద్యోగంలో రిటైరై, ఊరికే కూర్చోలేక ఏడుగురు ప్రోగ్రామర్లని పెట్టుకున్నారు. వాళ్ళు ప్రోగ్రాములు రాసే సాఫ్ట్‌వేర్ కూడా తనే ముచ్చటపడి కొనిచ్చారు. గురువారం పన్నెండింటికి సాల్మన్‌గారని ఒకాయన వస్తున్నారు. ఆయన సంస్థకి నాలుగు ఊళ్ళలో ఆస్పత్రులున్నాయి. అవినాష్ రాసిన ప్రోగ్రాం ఆయనకి నచ్చితే అవినాష్ ఉద్యోగం పర్మనెంటు. నచ్చకపోతే కంపెనీయే పర్మనెంటు కాదు.

అవినాష్ పగలంతా ఆఫీసులో ఆపుకున్న అభిప్రాయాలన్నీ రాత్రి అన్నంలో కలుపుకొని ఉమాశ్రీకి చెబుతాడు. ఇంటర్ మొదటి ఏడాదిలోనే పెళ్ళై చదువు ఆగిపోయిన ఉమాశ్రీకి, ఏ మిషన్ మీద ఏది నడుస్తుందో, ఏది ఎందుకు నడవదో, ఇప్పుడు వరసపెట్టి వచ్చు. ఆఫీసులో పక్క సీటు ప్రేమ్ కుమార్ రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లకి వస్తుందంటున్న గండం గట్టెక్కించే పాత కోర్సు నేర్చుకుంటున్నాడని కూడా అలాగే తెలిసింది.

"రెండువేలు ఒక్కసారే వస్తుంది ఉమా. వచ్చి వెళ్ళాక వాడేం చేస్తాడు? మూడువేలదాకా కూర్చుంటాడా?"

"ఆయన సంగతి ఆయన చూసుకుంటాడు. మీరు రేపు సాల్మన్‌గారి ముందు ఏమీ అనరు కదా?"

"అడిగితే అంటాను." మజ్జిగ పోసుకున్నాడు. "అడక్కపోయినా అనాల్సిన విషయాలు కొన్ని ఉన్నాయి."

ఆ రాత్రి ఉమాశ్రీకి నిద్ర పట్టలేదు. తెల్లారేసరికి మాత్రం ఒక ఉపాయం పట్టింది.

వాళ్ళ అబ్బాయి లోహిత్‌కి రెండేళ్ళు నిండబోతున్నాయి. ఇంకా ఒక్క మాటా రాలేదు. ఆ బెంగ ఇద్దరికీ ఉంది. పొద్దున్నే కాఫీ ఇస్తూ ఉమాశ్రీ మొదలుపెట్టింది.

"ఏమండీ, భ్రమరాంబ పిన్ని చెప్పింది. గురువారం నాడు తండ్రి సాయంత్రం ఐదింటిదాకా మౌనం పడితే ఆ మాటలు పిల్లాడికి వస్తాయట."

"నా మాటలు వాడికెలా వెళ్తాయి?"

"ఎలాగో వెళ్తాయి. అన్నీ మీకు చెప్పే వెళ్తాయా?"

పిన్ని అలాంటిదేమీ చెప్పలేదు. అసలు పిన్ని కనబడి ఆరు నెలలైంది. అవినాష్ కొడుకు వంక చూశాడు. లోహిత్ పాత ఫ్లాపీ ఒకటి పట్టుకొని నేలకేసి శ్రద్ధగా కొడుతున్నాడు. నోరు మాత్రం విప్పట్లేదు.

"సరే. వాడి కోసం చేస్తాను. చేస్తే సరిగ్గా చెయ్యాలి. రాసి చూపించడం కూడా ఉండదు. తెర మీద వచ్చినా కాగితం మీద వచ్చినా అవుట్‌పుట్ అవుట్‌పుట్టే."

అదే ఆఖరి మాట. రాసి చూపిస్తాడులే అనే ధైర్యంతోనే ఉమాశ్రీ ఈ పని చేసింది. అయినా అడ్డుచెప్పలేదు. నోరు మూతపడటమే పదివేలనుకుంది.

ఆఫీసుకి బయల్దేరిన అవినాష్ స్కూటర్‌ని గేటు దగ్గర ఇంటి ఓనరు సాయమ్మ ఆపింది. "అవినాషూ, నీళ్ళ మోటరు జర సూడు బిడ్డ, గుర్రుమంటున్నది," అంది. అవినాష్ పెదవుల మీద వేలు పెట్టి, ఆకాశం చూపించి, వెళ్ళిపోయాడు.

"ఏందమ్మా, ఏమైంది నీ మొగనికి?"

ఉమాశ్రీ సంగతి చెప్పింది. సాయమ్మ బుగ్గ మీద చెయ్యేసుకుంది. "మంచి వ్రతమే. మా ఆయనకు గూడ జర చెప్పరాదూ. పిల్లలంత పెద్దగైనా ఏం గాదు, పడతడు."

పదకొండింటికి సాయమ్మ ఇంట్లో ఫోన్ మోగింది. చందానగర్లో ఆ వీధిలో నాలుగిళ్ళకి అదే ఫోను.

"ఉమా, నీకే. ఎవరో పెద్దమనిషి, మస్తు పరేషాన్ల ఉన్నడు."

ఫోన్లో పట్టాభిరామయ్యగారు. "అమ్మా, దాచకుండా చెప్పు. బెంగుళూరా, పూనానా?"

"ఎవరికండీ?"

"మీవాడు వెళ్ళేది. ముప్ఫై ఏళ్ళు సర్వీసు చేశానమ్మా. నోరున్నవాడు నోరు మూసుకున్నాడంటే జేబులో ఇంకో ఆర్డరు ఉన్నట్టే. ఏమిటయ్యా సంగతి అంటే ఐదు వేళ్ళు చూపించాడు. ఐదుగురు కలిసి వెళ్ళిపోతున్నారు. నాకున్నదే ఏడుగురు."

"అయ్యో, అది కాదండీ..."

"ఆ ఐదుగురూ ఎవరని ఒక్కొక్కణ్ణీ గదిలోకి పిలిచి అడిగాను. నేను అడిగేదాకా ఎవడికీ వెళ్ళే ఆలోచన లేదు. ఇప్పుడు ముగ్గురు ఆలోచిస్తున్నారు. ప్రేమ్ కుమార్ అయితే, వీళ్ళందరికీ ఆఫర్ వచ్చి నాకెందుకు రాలేదని ఏడుపు మొహం పెట్టాడు."

"ఐదు గంటలదాకా అని అండీ. మౌనవ్రతం. మా బాబుకి మాటలు రావాలని నేనే పట్టించాను."

అవతల ఆయన కుర్చీలో కూలబడ్డ చప్పుడు వినిపించింది.

"పన్నెండింటికి సాల్మన్‌గారు వస్తున్నారు తల్లీ. ఆ ప్రోగ్రాం లోపల ఏముందో నీ భర్తకి తప్ప ఎవరికీ తెలియదు. నాకు అసలే తెలియదు. కాగితం ఇచ్చి రాయమంటే చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఆటో ఎక్కి వచ్చెయ్యి. వ్రతం పట్టించినదానివి, నోరు కూడా నువ్వే విప్పించు."

ఫోన్ పెట్టేసరికి సాయమ్మ ఎదురుగా నిలబడి ఉంది. "నౌకరీ పోయిందా?"

"ఇంకా పోలేదత్తా."

"మరి ఫికర్ ఎందుకు? పోయినంక జేద్దువు. పో, పిలగాన్ని ఎత్తుకొని పో."

కొండాపూర్ దారి గుంతల్లో ఆటో ఎగురుతుంటే, ఒళ్ళో లోహిత్‌ని పట్టుకొని ఉమాశ్రీ దేవుళ్ళందరికీ పేరుపేరునా చెప్పుకుంది. చెప్పుకున్నది ఏమిటో ఆమెకే తెలియలేదు. ఆయన మాట్లాడాలని మొక్కుకోవాలా, మాట్లాడకూడదని మొక్కుకోవాలా? నోరు తెరవకపోతే కంపెనీ మునుగుతుంది. తెరిస్తే ఇంకాస్త తొందరగా మునుగుతుంది.

ఆఫీసు మెట్ల దగ్గరే అవినాష్ ఎదురుపడ్డాడు. ఉమాశ్రీ గొంతు తగ్గించి, "ఏమండీ, చాలు, ఇక మాట్లాడెయ్యండి," అంది. అవినాష్ తల అడ్డంగా ఊపి, లోహిత్ తల నిమిరి, గడియారం చూపించాడు. కొడుకు కోసం పట్టిన వ్రతాన్ని ఆఫీసు కోసం విడిచేది లేదని ఆ మొహం మీద స్పష్టంగా ఉంది. పిన్ని మాట తన కల్పనేనని చెప్పేద్దామని ఉమాశ్రీ నోరు తెరిచింది. ఇంతలో వాకిట్లో జీపు ఆగింది. తెరిచిన నోరు అలాగే మూసుకుంది.

సాల్మన్‌గారు పొడుగ్గా, బక్కగా, దేన్నీ వెంటనే నమ్మని మనిషిలా ఉన్నారు. కంప్యూటర్ గదిలో కుర్చీలు వేశారు. ఉమాశ్రీని కూడా లోపలే కూర్చోబెట్టారు, ఎందుకైనా మంచిదని. ఏడుగురిలో ఆరుగురు గోడవారన నిలబడ్డారు. ఏడోవాడు అవినాష్ మీటలు నొక్కుతుంటే తెర మీద రోగుల పేర్లూ మంచాల నంబర్లూ వస్తున్నాయి. పట్టాభిరామయ్యగారు అతని తరఫున మాట్లాడుతున్నారు.

"ఇదండీ ఓపీ చీటీ. ఇదండీ వార్డు. ఇది..." ఆయనకి అది ఏమిటో తెలియలేదు. "ఇది చాలా ముఖ్యమైనది."

"బాగానే ఉంది," అన్నారు సాల్మన్‌గారు. "మా నాలుగు ఆస్పత్రుల్లో నాలుగు రకాల మిషన్లున్నాయి. ఎక్కడెక్కడ దొరికితే అక్కడ కొన్నాం. ఇది నాలుగింటి మీదా నడుస్తుందా?"

"నడవక? పరుగెడుతుంది," అన్నారు పట్టాభిరామయ్యగారు.

అవినాష్ తల అడ్డంగా ఊపాడు.

"ఏమయ్యా, నడవదా?" అన్నారు సాల్మన్‌గారు. అవినాష్ ఊపడం ఆపలేదు. "ఎందుకు నడవదు?" అవినాష్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంత మంచి ప్రశ్న అతన్ని ఇంతవరకు ఎవరూ అడగలేదు. మీటల మీంచి చెయ్యి తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

పట్టాభిరామయ్యగారు చెమట తుడుచుకుంటూ ఉమాశ్రీ వైపు తిరిగారు. "అమ్మా, ఆయన ఏమంటాడో నీకేమైనా తెలుసా?"

తెలియకేం. రోజూ వడ్డిస్తూ వింటున్నదే. ఉమాశ్రీ లోహిత్‌ని చంక మార్చుకొని లేచి నిలబడింది.

"మీ నాలుగు ఆస్పత్రులు నాలుగు వంటిళ్ళనుకోండి. ఒకచోట గ్యాసు, ఒకచోట కిరసనాయిలు స్టవ్వు, ఒకచోట కరెంటుది, ఒకచోట కట్టెల పొయ్యి. సారు కొనిచ్చిన సామానుతో చేసిన గిన్నె గ్యాసు మీదే కూర్చుంటుంది. మిగతా మూడు చోట్లా దొర్లిపోతుంది. అందుకని నాలుగిళ్ళలోనూ పొయ్యిలు మార్చుకోమని మీకు తర్వాత చెబుతారు. ఇప్పుడు చెప్పరు. అసలు వంట రానివాళ్ళు గిన్నెల కొట్టుకి వెళ్తే ఇంతేనని మావారి..."

పట్టాభిరామయ్యగారి మొహం కనబడి ఆగిపోయింది.

"అభిప్రాయం," అని పూర్తిచేశారు సాల్మన్‌గారు. "చెప్పమ్మా."

మూడేళ్ళుగా తను దేనికి భయపడిందో అది ఇప్పుడు తన నోట్లోంచే వస్తోందని ఉమాశ్రీకి తెలుస్తూనే ఉంది. ఆపడం మాత్రం తెలియలేదు. అవినాష్ ఎందుకు ఆపుకోలేడో మొదటిసారి అర్థమైంది.

"మావారు సాయంత్రాలు ఆఫీసులోనే ఉండిపోయి ఇంకోటి రాసి పెట్టారండి. జావా అంటారు. ఆ గిన్నె ఏ పొయ్యి మీదైనా కూర్చుంటుంది. నాలుగు చోట్లా ఒకటే వంట, ఒకటే రుచి. నాలుగు చోట్లా ఒకటే టైములో ఉడికిపోతుంది."

"టైము ఒకటి కాదు."

అందరూ తలలు తిప్పారు. మాట్లాడింది అవినాష్. బతిమాలినా, బెదిరించినా, కాగితం ఇచ్చినా కదలని మనిషి, భార్య ఒక్క ముక్క తప్పు చెప్పేసరికి నిలవలేకపోయాడు.

"కాదు ఉమా, ఎన్నిసార్లు చెప్పాను? పాత మిషన్ మీద నెమ్మదిగా నడుస్తుంది. చాలా నెమ్మదిగా. నడుస్తుంది అనడం వేరు, పరుగెడుతుంది అనడం వేరు." సాల్మన్‌గారి వైపు తిరిగాడు. "మీ కట్టెల పొయ్యి ఉంది చూశారూ, దాని మీద చీటీ రావడానికి నిమిషం పడుతుందండీ. రోగి ఓపిక పట్టాలి. ప్రింటర్ల సంగతి అది కాదు, అది ఇంకా ఘోరం..."

నలభై నిమిషాలు చెప్పాడు. ఏది కుదరదో, ఏది కాదో, ఏది ఎవరు చెప్పినా నమ్మకూడదో అన్నీ చెప్పాడు. ఉమాశ్రీ కళ్ళు మూసుకొని కూర్చుంది. చందానగర్లో ఇల్లు ఖాళీ చేసి సామాను ఎక్కించడం, సాయమ్మ వాకిట్లో నిలబడి చూడటం, అన్నీ కళ్ళ ముందు కనబడుతున్నాయి. ప్రేమ్ కుమార్ ఒకసారి బయటికి వెళ్ళి టీ తాగి వచ్చాడు.

అంతా అయ్యాక సాల్మన్‌గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"రెండేళ్ళుగా ఈ పని మీద తిరుగుతున్నానయ్యా. ఎక్కడికి వెళ్ళినా పరుగెడుతుంది అన్నవాళ్ళే. కొన్నవి రెండూ నడవను కూడా నడవలేదు. ఏది కాదో చెప్పినవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను. ఆ నెమ్మదిగా నడిచేదే ఇవ్వు."

ఉమాశ్రీ కళ్ళు తెరిచింది. పట్టాభిరామయ్యగారు మాత్రం పూర్తిగా తేరుకోలేదు. తను ముచ్చటపడి కొన్న సామాను పరువు కాస్తయినా నిలబెట్టాలని, లోహిత్ గడ్డం పట్టుకొని, "తాతయ్య కొన్నది కూడా మంచిదే కదూ బాబూ?" అన్నారు.

లోహిత్ ఆయన్ని బాగా పరిశీలించి చూశాడు.

"కాదు," అన్నాడు.

ఉద్యోగం, కంపెనీ, సాల్మన్‌గారు, అన్నీ మరిచిపోయి ఉమాశ్రీ పిల్లాణ్ణి గుండెకి అదుముకొని భోరున ఏడ్చింది. అవినాష్ గడియారం చూసుకున్నాడు. ఒకటీ ఇరవై.

"ఐదు కాకముందే పనిచేసింది ఉమా," అన్నాడు. "అంటే ఐదింటిదాకా అక్కర్లేదన్నమాట. మీ పిన్ని లెక్క తప్పు."

పిన్నికి ఏ లెక్కా తెలియదని ఉమాశ్రీ ఇప్పటికీ చెప్పలేదు. అవినాష్ ఉద్యోగం పర్మనెంటైంది. ఆలోచించిన ముగ్గురిలో ఎవరూ వెళ్ళలేదు. ప్రేమ్ కుమార్ పాత కోర్సు సగంలో ఆపి జావా నేర్చుకుంటున్నాడు, దాని మీద కూడా అవినాష్‌కి ఒక అభిప్రాయం ఉంది. లోహిత్‌కి దొండకాయ వేపుడు మీదా, స్నానం మీదా అభిప్రాయాలు ఏర్పడ్డాయి. ఇంట్లో ఇప్పుడు అభిప్రాయాలున్నవాళ్ళు ఇద్దరు.

సాల్మన్‌గారు మాత్రం ఒక షరతు పెట్టి వెళ్ళారు. ప్రతి గురువారం అవినాష్ తన అభిప్రాయాలన్నీ యజమాని ఎదుట పూర్తిగా చెప్పాలి, యజమాని కూర్చొని చివరిదాకా వినాలి. మొదటి గురువారం పట్టాభిరామయ్యగారు మధ్యమధ్యలో జవాబు చెప్పబోయారు, అది రాత్రి ఎనిమిదింటిదాకా సాగింది. రెండో గురువారం నుంచి ఆయనే మౌనవ్రతం పట్టారు.

మీరెవరైనా గురువారం పూట రాయదుర్గం మీదుగా మాదాపూర్ వెళ్తే, ఆ ఇంటి మేడ మీది గదిలోకి తొంగి, పట్టాభిరామయ్యగారు ఎలా ఉన్నారో ఒక్కసారి చూసి రండి. అడిగితే ఆయన చెప్పరు, ఐదు వేళ్ళు చూపిస్తారు.