చూస్తే తెరుచుకునే వాల్వు

పదకొండింటికి అవినాశి నుంచి పంపుల డీలరు కన్నమ్మాళ్ వస్తుంది, పరీక్ష చూస్తుంది, నచ్చితే రెండు వందల పంపులు కొంటుంది. తుడియలూరు వర్క్‌షాపు యజమాని కల్యాణసుందరం ఆ ఉదయం వేసుకున్న పథకం ఇంతే. పరీక్ష నడిపే ప్రోగ్రాం రాసింది ఆయన మేనకోడలు చారులత.

"ఇది బాగా నడిస్తే టెస్టింగ్ సెక్షన్ నీదే కన్నూ. లేదంటే పాత మాదిరి బకెట్టూ గడియారమే," అన్నాడాయన మేనకోడలితో.

తొమ్మిదిన్నరకు పైపులోంచి నీళ్లు ధారగా పడుతుంటే, ప్రోగ్రాం మాత్రం ప్రవాహం సున్నా అంది. చారులత తప్పులు వెతికే డీబగ్గర్ తెరిచి ప్రోగ్రాంను నడిమధ్యలో నిలిపింది. ఆమెది నల్లతెర పద్ధతి. పేరు టైపు చేసి అడిగితేనే జవాబు. కల్యాణసుందరం కొడుకు ధనుష్‌కు అది చూస్తే జాలేసింది.

"ఏ కాలంలో ఉండావు వదినా? నా డీబగ్గర్‌లో పేరు మీద మౌస్ పెడితే సాలు, దాని కడుపులో ఉండేదంతా సూపిస్తాది."

"నాది అడిగినదానికే సెప్తాది. నీ దాని మాదిరి ఊరంతా సాటదు."

"పెట్టి సూసి మాట్లాడు!"

ధనుష్ డీబగ్గర్‌లో ప్రవాహం అన్న పేరు మీద మౌస్ పెట్టారు. అంకె రాలేదు. మళ్లీ పెట్టారు. తలుపేసి ఉన్న పక్క పరీక్ష గదిలో ఏదో చప్పుడైంది కానీ, వాదన రసపట్టులో ఉంది, ఎవరు వింటారు?

ప్రవాహమెంతని అడిగితే వాల్వు కాస్త తెరిచి, కొలిచి చెప్పమని రాసింది చారులతే. నల్లతెర ముందే కొలిచి దాచిన అంకెను మాత్రమే చూపుతుంది. ధనుష్ పరికరం చూపించడానికని ఆ పనంతా చేసేస్తుంది. వాళ్లు చూసినప్పుడల్లా వాల్వు ఇంకాస్త తెరుచుకుంది. మూయాల్సిన ప్రోగ్రామేమో నిలిచిపోయి ఉంది.

పదకొండింటికి కన్నమ్మాళ్‌ను వెంటబెట్టుకొచ్చిన కల్యాణసుందరం గది తలుపు తీశాడు. మోకాలెత్తు నీళ్లు ఇద్దరి మీదికీ వచ్చాయి.

"అయ్యయ్యో! ఏందే ఇది!" అంటూ ఆయన పరుగెత్తి మోటరు స్విచ్చి ఆపాడు. తన సెక్షన్ ఆ నీళ్లతోనే పోయిందని చారులతకు ఏడుపొచ్చింది.

కన్నమ్మాళ్ చీర పిండుకుంటూ అడిగింది. "ఎవరిదమ్మా ఈ టెస్టు?"

"నాదే అత్తా."

"కంప్యూటరు?"

"నిలిపేసినాను."

"కంప్యూటరు నిలిచింది, వాల్వు మూయలేదు, మోటరు నీళ్లల్లో మునిగింది. అయినా తిరిగింది!" కన్నమ్మాళ్ కల్యాణసుందరం వైపు తిరిగింది. "మా పక్క తోటల్లో జరిగేది ఇదే కదంగ. వేరేవాళ్లు పొడినేల మింద పెట్టి సూపిస్తారు. పంపు పంపుకూ ఇదే టెస్టు పెట్టండి, రెండు నూర్లూ తీసుకుంటా."

మర్నాడు ధనుష్, చూస్తే వాల్వు తెరుచుకునే తప్పును కనిపెట్టి, దిద్ది, సంబరంగా చూపించాడు. చారులత వెంటనే ఆ దిద్దుబాటును తీసేసింది. టెస్టింగ్ సెక్షన్ ఇప్పుడు ఆమెదే. ఆ తప్పును ఎవరూ దిద్దకుండా కాపాడటమే అందులో ఆమె ఉద్యోగం.