బానెట్ మీద ఇరవైమూడు చిల్లులు

"లోగో చిన్నదైతేనే కారు పెద్దదవుతుంది" అని కొత్త పరిశ్రమల మంత్రిగారు ప్రకటించగానే, ఇంత మంచి ముక్క ఇన్నాళ్ళూ తమకెందుకు తట్టలేదా అని సభలో అధికారులంతా నొచ్చుకున్నారు. మంత్రిగారు అప్పుడే విదేశీ పర్యటన ముగించుకుని వచ్చారు. అక్కడి కార్ల కంపెనీలన్నీ లోగోలు కుదించేస్తున్నాయట. కాబట్టి ప్రభుత్వ కార్ల ఫ్యాక్టరీ లోగో ఇకమీదట చొక్కా గుండీ అంతే ఉంటుంది. ఆవిష్కరణ శుక్రవారం.

ఆఖరి వరుసలో నిలబడ్డ బ్యాడ్జి మేస్త్రి మాత్రం వేళ్ళ మీద ఏవో లెక్కపెట్టుకోవడం మొదలెట్టాడు. ఫ్యాక్టరీ ముందు హాల్లో ఉన్న ప్రదర్శన కారుకు ముప్పై ఒక్క ఏళ్ళుగా లోగోలు బిగిస్తున్నది అతనే. రిటైర్మెంటుకు ఇంకా పదకొండు రోజులున్నాయి. పెద్దకూతురి దగ్గరికి వెళ్ళిపోదామని భార్య అప్పుడే పెట్టెలు సర్దేసింది. మచ్చపడకుండా బయటపడితే చాలు దేవుడా అనుకుంటున్న మనిషి.

ఫ్యాక్టరీ వారు అచ్చువేసిన 'మన లోగో పరిణామక్రమం' అనే పుస్తకం చదివితే ఎవరికైనా ఒళ్ళు పులకరిస్తుంది. మొదట రెండంగుళాల చక్రం. తర్వాతి మంత్రిగారు చక్రానికి రెక్కలు తగిలించారు. ఎగిరిపోయే కారు సామాన్యుడికి అందదని ఆపై మంత్రిగారు రెక్కలు పీకించి సూర్యుణ్ణి పెట్టించారు. ఆ సూర్యుడు అస్తమిస్తున్నాడని ప్రతిపక్షం గోల చేస్తే ఇంకొకాయన చుట్టూ భూగోళం గీయించారు. అలా పెరిగి పెరిగి లోగో అన్నం తినే పళ్ళెమంత అయింది. ఇదంతా జాతి ఆకాంక్షల విస్తరణ అని పుస్తకంలో రాశారు.

అసలు సంగతి మేస్త్రికి తెలుసు. లోగో బిగించాలంటే బానెట్‌కు చిల్లులు పొడవాలి. పాతది పీకితే పాత చిల్లులు బయటపడతాయి. ఒకసారి వాటిలో లప్పం కూరి రంగు వేస్తే, అప్పటి మంత్రిగారు బానెట్ మీద చెయ్యి వెయ్యగానే ఊడి వేలికి అంటుకుంది. మేస్త్రికి మెమో వచ్చింది. అప్పట్నుంచి కొత్త బొమ్మ గీసే ప్రతి ఆర్టిస్టు చెవిలోనూ అతను ఒకటే మాట వేసేవాడు. "ఇంకో రెండంగుళాలు పెంచండి బాబూ, నిండుగా ఉంటుంది."

సభ అవగానే ఎండీగారి గదికి పరిగెత్తాడు.

"సార్, పళ్ళెం తీసి గుండీ పెడితే చిల్లులు కనబడతాయి."

"ఎన్ని?"

"ఇరవైమూడు."

"ఎవరు పొడిచారు?"

"ప్రభుత్వాలు సార్."

"రిపోర్టులో అలా రాయలేం మేస్త్రీ. డ్రిల్లు ఎవరి చేతిలో ఉంది?"

"నా చేతిలోనే."

"మరింకేం" అన్నారు ఎండీగారు సానుభూతిగా. బాధ్యుడు దొరికినందుకు ఆయన మనసు తేలికపడింది.

"కొత్త బానెట్ వేయించండి సార్."

"ఇండెంటు పెడితే వచ్చే ఏడాదికి వస్తుంది. శుక్రవారానికి మీరున్నారుగా."

శుక్రవారం బ్యాండు మోగింది. మంత్రిగారు ముఖమల్ గుడ్డ లాగారు. బానెట్ నడుమ గుండీ మెరిసింది. దాని చుట్టూ చిల్లులు, అమ్మవారు పోసిన మొహంలా. బ్యాండు తనంతట తానే ఆగిపోయింది.

మంత్రిగారు కారు చుట్టూ ఒకసారి తిరిగారు. "ఏమిటివి?"

ఎండీగారు రెండడుగులు వెనక్కి వేశారు. దాంతో మేస్త్రి ముందుకొచ్చినట్టయింది. ఎలాగూ ఉద్యోగం పోతుంది, అబద్ధం కూడా ఎందుకనుకున్నాడు.

"ఇంతకుముందు మంత్రులుగా చేసినవాళ్ళ చిల్లులండి."

"అన్నీనా?"

"అన్నీనండి."

"నాదేది?"

"మధ్యలో గుండీ అండి."

నిజానికి ఎడమవైపు పైనున్న నాలుగూ ఈ మంత్రిగారివే. ఆ రోజుల్లో ఆయన అవతలి పార్టీలో ఉండి ఇదే శాఖ చూశారు, రెక్కలు ఆయన ఆలోచనే. ఆ మాట మేస్త్రి నాలుక చివరిదాకా వచ్చింది. పెట్టెలు సర్దుకున్న భార్య గుర్తొచ్చి మింగేశాడు.

మంత్రిగారి మొహం విప్పారింది. మైకు అందుకున్నారు. "చూశారా, గత పాలకులు దేశానికి మిగిల్చింది చిల్లులు. ఈ చిల్లుల్ని మేం దాచం. మన ఫ్యాక్టరీ కారు ప్రతిదానికీ ఈ ఇరవైమూడు చిల్లులూ ఉండి తీరాలి. ప్రజలు మర్చిపోకూడదు." చప్పట్లు కొట్టీ కొట్టీ ఎండీగారి అరచేతులు ఎర్రబడ్డాయి.

మేస్త్రికి శాలువా కప్పారు. ప్రాణం లేచొచ్చింది. సోమవారం ఆర్డరు చేతికొచ్చింది. ఈ చారిత్రక చిల్లుల కొలతలు మేస్త్రికి తప్ప ఇంకెవరికీ తెలియనందున, ఫ్యాక్టరీ కార్లన్నిటికీ చిల్లులు పూర్తయ్యేవరకు అతని పదవీ విరమణ నిలిపివేయడమైనది.

మేస్త్రి ఆ కాగితం పట్టుకుని మళ్ళీ ఎండీగారి గదికి వెళ్ళాడు.

"సార్, ముప్పై ఒక్క ఏళ్ళనుంచీ నేను చూసింది హాల్లో ఉన్న ఆ ఒక్క కారే. రెండోది ఎప్పుడొస్తుంది?"

ఎండీగారు తలుపు వేసి ఉందో లేదో చూసుకున్నారు.

"ముందు దీనికి లోగో కుదరనివ్వండి మేస్త్రీ."